రా బావా, విమానంలో తిరిగొద్దాం... ఖర్చు మాత్రం తలా కొంత!

‘శనివారం పొద్దున్నే గోల్డెన్ గేట్ బ్రిడ్జి మీదుగా ఓ రౌండ్ కొట్టొద్దాం. మూడు సీట్లున్నాయి. తలా 75 డాలర్లు. ఎవరొస్తారు?’

అమెరికాలో ఉన్న మీ ఫ్రెండ్స్ గ్రూపులో ఇలాంటి మెసేజ్ వచ్చిందనుకోండి. పెట్టింది ట్రావెల్ ఏజెంటేం కాదు, పక్క టీంలో జావా కోడ్ రాసుకునే అన్న. వారమంతా స్టాండప్ మీటింగుల్లో కనిపించే మనిషే, వీకెండ్ వస్తే అద్దె సెస్నాలో ఎడమ సీట్లో కూర్చుంటాడు. ఆయన దగ్గర ప్రైవేట్ పైలట్ లైసెన్సుంది. మీ దగ్గర ఖాళీ శనివారం ఉంది, ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి ఓ రీల్ కావాలి. ఇక ఆలోచించేదేముంది?

ఉంది, చాలానే ఉంది. నేను ఇలా నాలుగైదుసార్లు వెళ్లాను, మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్తాను. కాబట్టి ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాస్తున్నది కాదు. కానీ ఆ 75 డాలర్లకు ఏం వస్తుంది, ఏం రాదు అన్నది తెలుసుకోకుండానే ఎక్కేవాళ్లు నాకు చాలామంది కనిపించారు. డబ్బు కట్టాం కాబట్టి టికెట్ కొన్నామనుకుంటారు. అసలు చిక్కంతా ఆ అనుకోవడంలోనే ఉంది.

మన దగ్గర ఫ్లయింగ్ స్కూళ్లలో చేరేవాళ్లలో ఎక్కువమంది ఎయిర్‌లైన్ ఉద్యోగం కోసమే చేరతారు. సరదాగా వీకెండ్‌కి విమానం అద్దెకు తీసుకునే అలవాటు మనకు పెద్దగా లేదు. అందుకే ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా అమెరికా సంగతి. అక్కడ ఉన్నవాళ్లకూ, అక్కడికి వెళ్లబోయేవాళ్లకూ, ‘మా అబ్బాయి ఫ్రెండు విమానం ఎక్కిస్తాడట’ అని సంబరపడుతున్న అమ్మానాన్నలకూ పనికొస్తుంది.

తలా 75... పైలట్ అన్నది కూడా!

అమెరికాలో ప్రైవేట్ పైలట్ అవ్వాలంటే 17 ఏళ్లు నిండాలి. మామూలు పద్ధతిలో కనీసం 40 గంటలు విమానంలో నేర్చుకుని ఉండాలి. ఒక రాత పరీక్ష, ఒక నోటి పరీక్ష, ఆపైన ఎగ్జామినర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించే పరీక్ష. ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునేవాళ్లకు 60, 70 గంటలు పట్టడం మామూలే. సిటిజన్ కానివాళ్లైతే ట్రైనింగ్ మొదలుపెట్టే ముందే టీఎస్‌ఏ నుంచి సెక్యూరిటీ క్లియరెన్స్ కూడా తెచ్చుకోవాలి. అంటే హెచ్1బీ మీద ఉంటూ లైసెన్సు సంపాదించిన అన్న సరదాకి సంపాదించలేదు. దాని వెనక బోలెడు పేపర్ వర్క్, బోలెడు శనివారాలు ఉన్నాయి.

ఇంత కష్టపడ్డా ఆ లైసెన్సుతో రూపాయి సంపాదించడానికి లేదు. అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ పెట్టిన రూల్ చిన్నదే: ప్రయాణికుల్ని ఎక్కించుకున్నప్పుడు పైలట్ తన వంతు వాటా కంటే తక్కువ కట్టకూడదు. పంచుకోదగ్గ ఖర్చులు కూడా నాలుగే. ఇంధనం, ఆయిల్, ఎయిర్‌పోర్టు ఖర్చులు, విమానం అద్దె.

లెక్క చూద్దాం. అద్దె గంటకు 200 డాలర్లు, పెట్రోల్ అందులోనే కలిపి అనుకుందాం. గంటన్నర తిరిగితే 300. నలుగురున్నారు కాబట్టి తలా 75. పైలట్ అన్న కూడా 75 పెట్టాల్సిందే. ‘నువ్వు కష్టపడి నడుపుతున్నావు కదన్నా, నీ వాటా కూడా మేమే వేసుకుంటాం’ అని ముగ్గురూ తలా వంద ఇచ్చారనుకోండి. మన మర్యాదకు అది బాగానే ఉంటుంది. ఎఫ్ఏఏ లెక్కలో మాత్రం అది ఆయనకు జీతం ఇచ్చినట్టే. ప్రతిఫలం అంటే డబ్బే అవ్వక్కర్లేదు కూడా. వేరేవాళ్ల ఖర్చుతో ఎగిరి లాగ్‌బుక్‌లో గంటలు పెంచుకోవడాన్ని కూడా ఎఫ్ఏఏ ప్రతిఫలం కింద లెక్కేసింది. సొంత విమానం ఉన్న పైలట్ అయితే హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్సు, రిపేర్లు మీ మీద వేయడానికి లేదు. ఆ ట్రిప్పులో కాలిన పెట్రోల్, ఆయిల్, దిగినచోట ఫీజు వరకే.

ఇంకో మెలిక ఉంది. వెళ్లే పని ఇద్దరిదీ అయ్యుండాలి. లాస్ ఏంజెలిస్‌లో కామన్ ఫ్రెండ్ పెళ్లి ఉంది, మీరూ ఆయనా వెళ్లాలి, బాగానే ఉంది. పెళ్లి మీ కజిన్‌ది, ఆయనకక్కడ ఏ పనీ లేదు, మిమ్మల్ని దింపి వెనక్కి రావడమే పని అయితే ఆయన ట్యాక్సీ డ్రైవర్ అయిపోయినట్టు. ఆ లైసెన్సుకు ఆ అధికారం లేదు.

‘ఆకాశంలో ఉబర్’ ఎందుకు ఆగిపోయింది?

ఇది చదవగానే మనలాంటి సాఫ్ట్‌వేర్ బుర్రకు ఓ ఐడియా వస్తుంది. ఖాళీ సీట్లున్న పైలట్లు ఒకవైపు, ఎగరాలనుకునే జనం ఇంకోవైపు. మధ్యలో ఒక యాప్ పెడితే? ఈ ఐడియా పాతదే. ఫ్లైట్‌నౌ, ఎయిర్‌పూలర్ అనే స్టార్టప్‌లు అమెరికాలో సరిగ్గా ఇదే చేయబోయాయి. ఖర్చు పంచుకోవడం చట్టం ఒప్పుకున్నదే కదా, మేం కలిపేది మాత్రమే కదా అన్నది వాళ్ల వాదన. 2014లో ఎఫ్ఏఏ కుదరదని చెప్పేసింది. ఖర్చు పంచుకోవడం సరే, కానీ ఎవరొస్తే వాళ్లని తీసుకెళ్తానని ఊరందరికీ ప్రకటించుకుంటే అది వ్యాపారమే, దానికి ఎయిర్‌లైన్ల తరహా అనుమతులు కావాలంది. ఫ్లైట్‌నౌ కోర్టుకెళ్లింది. 2015 డిసెంబరులో వాషింగ్టన్ డీసీ అప్పీల్ కోర్టు ఎఫ్ఏఏ వైపే నిలబడింది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. అంతటితో ఆ కథ ముగిసింది.

యూరప్‌లో కథ వేరు. అక్కడ పైలట్‌తో కలిపి ఆరుగురి వరకూ ఖర్చు పంచుకోవచ్చు, పైలట్ కూడా తన వంతు వేసుకోవాలి. యాప్‌లో సీటు పెట్టడం నేరం కాదు. 2015లో ఫ్రాన్స్‌లో మొదలైన వింగ్లీ అనే సంస్థ ఇప్పటికీ అదే పని చేస్తోంది. ఒకే పనిని సముద్రానికి అటు ఒప్పుకున్నారు, ఇటు ఆపేశారు. ఎవరిది రైటు? యాప్‌లు రాసుకుని బతికేవాణ్ని, స్టార్టప్ వైపు మాట్లాడాలి. కానీ ముక్కూమొహం తెలియని వాళ్లు ‘ఫైవ్ స్టార్ రేటింగ్’ చూసి ఎక్కే విమానం అంటే నాకూ కాస్త గుబులే.

ఇక మన వాట్సాప్ సంగతి. అయిదుగురు కాలేజీ ఫ్రెండ్స్ ఉన్న గ్రూపులో ‘శనివారం వెళ్తున్నా, వస్తారా’ అనడం ఒకటి. ఊళ్లో తెలుగువాళ్లందరూ ఉన్న 800 మంది గ్రూపులో, అదీ పప్పుచారు క్యాటరింగ్, రూమ్ ఫర్ రెంట్ మెసేజ్‌ల మధ్య, ‘మూడు సీట్లు, తలా 75’ అని పెట్టడం ఇంకొకటి. ఎంతమంది దాటితే ప్రకటన అవుతుందో రూల్‌లో నంబరు లేదు. ముందునుంచీ పరిచయం ఉన్న కొద్దిమందికి చెప్పారా, ఎవరైనా రావచ్చన్నారా అన్నదే ముఖ్యం. రెండో రకం మెసేజ్ చూస్తే ఆ పైలట్‌కి రూల్ తెలియదనైనా అర్థం, తెలిసీ పట్టించుకోలేదనైనా అర్థం. రెండిట్లో ఏదైనా నేనైతే ఎక్కను.

ఆంటీ బరువెంత?

నలుగురం కలిసి వెళ్లిన ఓ ట్రిప్పు చెప్తాను. శాన్ హోసే దగ్గర చిన్న ఎయిర్‌పోర్టు, జూన్ నెల, శనివారం. ప్లాన్ ఏంటంటే సముద్రం ఒడ్డున ఉన్న మాంటెరేలో దిగి, లంచ్ చేసి వచ్చేయడం. మా పైలట్ అన్న, నేను, నా రూమ్మేట్, ఒంగోలు నుంచి విజిటింగ్‌కి వచ్చిన వాళ్లమ్మ.

రెండు రోజుల ముందే అన్న అందరి బరువులూ అడిగాడు. ‘సుమారుగా కాదు, మెషీన్ ఎక్కి చెప్పండి, బట్టలతో, బ్యాగుతో సహా’ అన్నాడు. పెళ్లిచూపుల్లో కూడా ఇంత వివరంగా అడగరు. ఆంటీ మొహమాటపడుతుంటే ముందు తన బరువు చెప్పి, తర్వాత ఆవిణ్ని అడిగాడు.

ఇది ఎందుకో లెక్క చెప్తే మీకే అర్థమవుతుంది. ఎక్కువగా దొరికేది సెస్నా 172. 1956లో మార్కెట్లోకి వచ్చి, ఇప్పటికి 44 వేలకు పైగా తయారైన మోడల్. సీట్లు నాలుగు. కొత్త రకాల్లో మనుషులు, సామాను, పెట్రోల్ అన్నీ కలిపి మోయగలిగేది 870 పౌండ్లు అనుకుందాం. విమానాన్ని బట్టి కాస్త అటూఇటూ ఉంటుంది. ట్యాంకులు నిండా పోస్తే వాడుకోగల పెట్రోల్ 53 గ్యాలన్లు. గ్యాలన్ 6 పౌండ్లు, అంటే 318 పౌండ్లు. మిగిలింది 552, అంటే 250 కిలోలు. 80 కిలోల వాళ్లు ముగ్గురు కూర్చుంటే 240 అయిపోయింది. నాలుగో సీటు ఖాళీగానే ఉంటుంది, దాని మీద ఓ వాటర్ బాటిల్ పెట్టుకోవచ్చు. నలుగురు వెళ్లాలంటే పెట్రోల్ తగ్గించుకోవాలి, అప్పుడు ఎంతదూరం పోగలమో అదీ తగ్గుతుంది. ఎండాకాలం గాలి పలచబడుతుంది కాబట్టి రన్‌వే మీద ఎక్కువ దూరం పరిగెత్తాలి, పైకి లేవడం కూడా నెమ్మదే. ఆల్టో కార్లో ఏడుగురం సర్దుకున్న అలవాటు ఇక్కడ పనికిరాదు. బరువు అబద్ధం చెప్తే పైలట్ వేసిన లెక్క మొత్తం తప్పవుతుంది.

ఆ శనివారం అన్న విమానం చుట్టూ తిరిగి అన్నీ చూసుకున్నాడు. రెక్క కింద నుంచి గాజులాంటి గొట్టంలోకి కొంచెం పెట్రోల్ దించి, నీలం రంగులో ఉందా, అడుగున నీటి చుక్కలున్నాయా అని ఎత్తి చూశాడు. తర్వాత ఐప్యాడ్ తీసి మాంటెరే వాతావరణం చూసి, తల అడ్డంగా ఊపాడు. అక్కడ మేఘాలు 600 అడుగుల ఎత్తులోనే దుప్పటిలా పరుచుకున్నాయి. ఆయనకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు. అంటే బయట కనిపిస్తేనే నడపాలి, మేఘంలోకి దూరకూడదు.

ఆంటీ పైకి చూశారు. నెత్తి మీద చుర్రుమనే ఎండ.

‘ఇక్కడ శుభ్రంగా ఉంది కదా బాబూ?’

‘ఇక్కడ ఉంది ఆంటీ. మనం దిగాల్సినచోట లేదు.’

నా రూమ్మేట్ ఊరుకోలేదు. ‘దగ్గరికెళ్లి చూద్దాం అన్నా. బాలేకపోతే తిరిగొచ్చేద్దాం. అమ్మ వచ్చే వారం వెళ్లిపోతుంది.’

అన్న నవ్వుతూనే అన్నాడు: ‘నాకు భయమేసే మాట అదేరా. దగ్గరికెళ్లాక ఇంకొంచెం దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది.’

మాంటెరే క్యాన్సిల్. బదులుగా ఎండ ఉన్నవైపే ఓ గంట తిప్పాడు. మౌంట్ హామిల్టన్ శిఖరం మీద లిక్ అబ్జర్వేటరీ తెల్లటి గుమ్మటాలు, బే చివర ఎరుపూ ఆకుపచ్చా కలిసిన ఉప్పు మళ్లు. ఆంటీ ఆ ఉప్పు మళ్లను చూసి ‘మన చినగంజాం లాగే ఉందిరా’ అన్నారు, హెడ్‌సెట్ మైకులో అందరికీ వినపడేలా.

ఆ రోజు ‘వద్దు’ అని చెప్పడం వల్ల అన్నకు ఏం నష్టం వచ్చింది? ఏమీ లేదు. అది అలా ఉండాలనే ఆ వాటా రూల్ పెట్టారని నాకనిపిస్తుంది. ఎయిర్‌లైన్‌లో ఇద్దరు పైలట్లుంటారు, కింద వాతావరణం చూసే డిస్పాచర్ ఉంటాడు, డ్యూటీ గంటలకు లెక్కుంటుంది. చిన్న విమానంలో వీటన్నిటికీ కలిపి ఉన్నది ఆ ఒక్క మనిషి మాత్రమే. ఎగిరితే ఆయనకు లాభం, ఆగితే నష్టం అన్నట్టు ఉంటే ఆ ‘వద్దు’ గొంతులోనే ఆగిపోవచ్చు. చట్టం డబ్బు ఒత్తిడిని తీసేసింది. ‘అమ్మ వచ్చే వారం వెళ్లిపోతుంది’ అనే ఒత్తిడిని ఏ చట్టం తీయగలదు?

ఒక పెళ్లి, ఒక ట్రాన్స్‌ఫర్

1999 జులై 16న జాన్ ఎఫ్ కెనెడీ జూనియర్ తన సొంత పైపర్ సరటోగా విమానంలో భార్యను, ఆమె అక్కను ఎక్కించుకుని న్యూజెర్సీ నుంచి బయల్దేరాడు. దారిలో ఆమెను మార్తాస్ వినియార్డ్ దీవిలో దింపి, భార్యాభర్తలిద్దరూ బంధువుల పెళ్లికి వెళ్లాలి. చీకటి పడింది, సముద్రం మీద మసక, కింద లైట్లు లేవు. ఆయనకూ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు. ఆకాశం ఎక్కడో నీళ్లు ఎక్కడో తెలియని చోట చెవిలో ఉండే బ్యాలెన్స్ వ్యవస్థ మనిషిని మోసం చేస్తుంది. వంగి తిరుగుతున్నా నిటారుగా ఉన్నట్టే అనిపిస్తుంది. విమానం సముద్రంలో పడిపోయింది, ముగ్గురూ చనిపోయారు. దిక్కు తెలియని ఆ స్థితిలో అదుపు తప్పిందనే దర్యాప్తు తేల్చింది.

రెండోది ఫుట్‌బాల్ చూసేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2019 జనవరి 21న ఎమిలియానో సలా ఫ్రాన్స్‌లోని నాంత్ నుంచి కార్డిఫ్‌కి బయల్దేరాడు. కొత్త క్లబ్‌లో చేరబోతున్నాడు. ఒకే ఇంజిన్ పైపర్ మాలిబు, రాత్రి వేళ. ఆ పైలట్‌కి డబ్బు తీసుకుని ప్రయాణికుల్ని తీసుకెళ్లే లైసెన్సు లేదు, రాత్రి నడిపే రేటింగ్ లేదు. విమానం ఇంగ్లిష్ చానెల్‌లో కూలిపోయింది. సలా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ 58 శాతం ఉన్నట్టు తేలింది. ఆ ఫ్లైట్ ఏర్పాటు చేసిన వ్యక్తికి 2021 నవంబరులో 18 నెలల జైలు శిక్ష పడింది. ఖర్చు పంచుకునే ఫ్రెండ్స్ ట్రిప్పు కాదిది, దొడ్డిదారి చార్టర్. అయినా వెనక సీట్లో కూర్చున్న మనిషికి ముందు సీట్లో ఉన్నాయన ఎవరో, ఏ లైసెన్సుందో తెలియడం ఎంత అవసరమో దీన్ని మించి చెప్పే సంఘటన నాకు తెలీదు.

అమెరికాలో చిన్న విమానాల్లో సుమారు లక్ష గంటల ఎగురుడుకు ఒక ప్రాణాంతక ప్రమాదం జరుగుతుంది. ఎయిర్‌లైన్‌తో పోలికే లేదు. అది తెలిసి ఎక్కడం వేరు, ఇండిగో లాంటిదేలే అనుకుని ఎక్కడం వేరు.

అడగండి, అన్న ఏమీ అనుకోడు

ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే పైలట్ గడిచిన 90 రోజుల్లో కనీసం మూడుసార్లు టేకాఫ్, మూడుసార్లు ల్యాండింగ్ చేసి ఉండాలి. రాత్రి ట్రిప్పయితే ఆ మూడూ రాత్రివే అయ్యుండాలి. రెండేళ్లకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో రివ్యూ అవ్వాలి. ‘ఈ మూడు నెలల్లో ఎన్నిసార్లు దిగావన్నా? ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉందా?’ అని అడగడం అవమానం కాదు. మంచి పైలట్‌కి ఆ ప్రశ్న అంటే ఇష్టం, అరగంట చెప్తాడు, మీరే ఆపాలి. లైసెన్సు ఉందో లేదో ఎఫ్ఏఏ వెబ్‌సైటులో పేరు కొట్టి మీరే చూసుకోవచ్చు కూడా.

క్యాబిన్‌లో చిన్న కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ ఉందా అని చూడండి. చలికాలం మరీ ముఖ్యం. చాలా చిన్న విమానాల్లో హీటర్ గాలి ఇంజిన్ సైలెన్సర్ చుట్టూ తిరిగి వేడెక్కి వస్తుంది. సైలెన్సర్‌కు పగులుంటే పొగ లోపలికే. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు.

ఇన్సూరెన్సు కాగితాలు ఈ ఒక్కసారికి చదవండి. మన దేశంలో తీసుకున్న చాలా యాక్సిడెంట్ పాలసీల్లో, టికెట్ కొని మామూలు ఎయిర్‌లైన్‌లో వెళ్తే తప్ప మిగతా విమాన ప్రమాదాలకు డబ్బు రాదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పైలట్ అన్నకు ఇన్సూరెన్సు ఉన్నా ఒక్కో ప్రయాణికుడికి లక్ష డాలర్ల పరిమితి ఉన్న పాలసీలు ఎక్కువ. అమెరికా హాస్పిటల్ బిల్లు తెలిసినవాళ్లకు లక్ష డాలర్లంటే ఎంతో చెప్పక్కర్లేదు.

ముందు సీటు దొరికితే అదృష్టం, కానీ మీ కాళ్ల దగ్గరా పెడల్స్ ఉంటాయి, మీ ఒళ్లోకీ ఓ కంట్రోల్ ఉంటుంది. అన్న తిప్పితే అవీ తిరుగుతాయి. బ్యాగు పట్టీ, సెల్ఫీ స్టిక్, చున్నీ వాటికి తగలకూడదు. టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు మాట్లాడకండి, టవర్ వాళ్లు పిలుస్తుంటారు. గాల్లో తలుపు కాస్త తెరుచుకుంటే హోరు భయంకరంగా ఉంటుందట, విమానం మాత్రం ఎగురుతూనే ఉంటుంది. పైలట్ చేయి పట్టుకోవద్దు. కడుపులో తిప్పితే ఫోన్ పక్కన పెట్టి దూరంగా ఆకాశం అంచు చూడండి.

పైలట్ ఫ్రెండ్ లేడా? ఫ్లయింగ్ స్కూళ్లలో ‘డిస్కవరీ ఫ్లైట్’ అని ఉంటుంది. పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని మీ చేతికే కంట్రోల్ ఇస్తాడు, డబ్బు కట్టడం పూర్తిగా చట్టబద్ధమే. ఇంట్లో 8 నుంచి 17 ఏళ్ల పిల్లలుంటే ‘యంగ్ ఈగల్స్’ పేరుతో ఒక పైలట్ల సంఘం 1992 నుంచీ ఉచితంగా తిప్పుతోంది, ఇప్పటికి 20 లక్షల మందికి పైగా పిల్లలు ఎగిరారు. ఇక్కడ వాటా గొడవే లేదు.

శనివారం వెళ్తున్నారా, ఆదివారం కూడా ఖాళీ పెట్టుకోండి. మధ్యాహ్నం వాతావరణం పాడైతే విమానం అక్కడే వదిలేసి కారు అద్దెకు తీసుకుని రావాల్సి రావచ్చు. ఆ ఖర్చు తలా ఎంతో ముందే మాట్లాడుకోండి. ఇంకోటి, బయల్దేరే ముందు బాత్రూంకి వెళ్లి రండి. పైన అది లేదు.